ప్రతివందనం ఒక ఋణం

ఇద్దరు మనుషులు ఎదురుపడినప్పుడు మొట్టమొదట పలికే మాటలో వారి సంస్కారమంతా తెలుస్తుందని పెద్దలు చెబుతారు. మనం చేతులు జోడించి నమస్కరిస్తాం. ముస్లిం సోదరులు ‘అస్సలాము అలైకుమ్’ అంటారు. బజారులో, బస్సులో, బడిలో ఆ మాటను మనం చిన్ననాటి నుంచి వింటూనే ఉన్నాం. కాని దాని అర్థమేమిటో, ఆ మాటతో ఎవరైనా మనల్ని పలకరిస్తే మనం ఏమనాలో ఆలోచించినవారు తక్కువ. నేనూ ఆలోచించలేదు. ఒక తప్పు చేసిన తరువాతనే ఆలోచించాను.

సన్నాయి విద్వాంసుడు

సుమారు 20 ఏళ్ళ క్రితం మాట. ఉయ్యూరులో నేను అర్చకత్వం చేసే ఆలయంలో స్వామివారి కల్యాణోత్సవాలకు గుంటూరు ప్రాంతం నుంచి ఒక సన్నాయి విద్వాంసుణ్ణి పిలిపించారు. ఆయన ముస్లిం. తెలుగునాట ఇది వింత కాదు. ఒంగోలు సమీపంలోని కరవదిలో 1924లో జన్మించిన షేక్ చిన మౌలానా శ్రీరంగంలో స్థిరపడి, రంగనాథస్వామికి నాదస్వరంతో సేవ చేసుకున్నారు. 1998లో మద్రాసు సంగీత అకాడమీ ఆయనను ‘సంగీత కళానిధి’గా గౌరవించింది. 2021లో పద్మశ్రీ అందుకున్న షేక్ మహబూబ్ సుభానీ, కాలీషాబీ దంపతులదీ ఆ పరంపరే. మా ఆలయానికి వచ్చిన విద్వాంసునిది వారంతటి పేరు కాకపోయినా, భక్తిలో వారికి తీసిపోని మనిషి. ధ్వజస్తంభానికి నమస్కరించనిదే సన్నాయి చేత పట్టేవారు కాదు.

ఉత్సవాల మొదటి రోజు తెల్లవారుజామున ఆయన మంటపంలో కూర్చుని డోలు విద్వాంసునితో తమ ఇంటి భాషలో ఏదో మాట్లాడుతున్నారు. నేను అభిషేకజలం తీసుకుని అటుగా వచ్చాను. ఆయన గబుక్కున లేచి నిలబడి, అలవాటులో ‘అస్సలాము అలైకుమ్’ అన్నారు. నేను ఒక్కసారి చూసి, ఏమీ అనకుండా గర్భాలయంలోకి వెళ్ళిపోయాను.

మడిలో ఉన్నాను కదా అని నాకు నేను సర్దిచెప్పుకున్నాను. కాని మడి స్పర్శకు సంబంధించినది. మాటకు అది అడ్డు రాదు. పైగా ఆ వేళ నేను మౌనంలోనూ లేను. అంతకు నిమిషం ముందే పూలు తెమ్మని పరిచారకుణ్ణి కేకవేశాను. నా వెనుక కొంతసేపు ఏ శబ్దమూ వినిపించలేదు. తరువాత భూపాలం మొదలైంది.

ఆ మరునాటి నుంచి ఆయన నన్ను చూసినప్పుడల్లా ‘నమస్కారం అయ్యగారూ’ అనేవారు. ఆ తరువాత 11 ఏళ్ళు ఉత్సవాలకు వచ్చారు. ఒక్కనాడూ ఆ మొదటి మాట నాతో మళ్ళీ అనలేదు.

మాట వెనుక అర్థం

ఆయన మౌనమే నన్ను ఆ మాట గురించి తెలుసుకునేలా చేసింది. మా ఊరిలోని ఒక ముస్లిం పెద్దను అడిగాను. ఖురాన్ తెలుగు అనువాదం తెప్పించుకుని చదివాను. ఖురాన్‌ను తొలిసారి తెలుగులోకి తెచ్చినవారు సంస్కృతాంధ్రాలలో దిట్ట అయిన చిలుకూరి నారాయణరావుగారని అప్పుడే తెలిసింది. అంతటి పండితుడు చూపిన దారిలో నడవడానికి నాకు సంకోచమెందుకు అనుకున్నాను.

‘సలాము’ అంటే శాంతి. ‘అలా’ అంటే పైన, ‘కుమ్’ అంటే మీ. ‘మీపై శాంతి కలుగుగాక’ అని వాక్యార్థం. మొదట ఉన్న ‘అల్’ అనే నిర్దేశక పదం సకారం పక్కన చేరగానే ‘అస్’గా మారింది. ‘తత్’, ‘లయః’ కలిసి ‘తల్లయః’ అయినట్టే ఇదీ. సంధి నేర్చినవారికి ఇది తెలిసిన వ్యవహారమే. మన ధాతువుల వలెనే అరబ్బీలో మూడేసి హల్లులు పదాలకు మూలం. స, ల, మ అనే ఈ మూలం నుంచే సలాము, ఇస్లాము, ముస్లిము అనే మాటలు పుట్టాయి. క్షేమమనే అర్థంలో వాడే ‘సలామత్’ కూడా ఈ కుటుంబంలోనిదే. యూదులు పలికే ‘షాలోమ్’ దీనికి తోబుట్టువు.

అందుచేత సలాం అంటే కలహం లేకపోవడం మాత్రమే కాదు. ఏ హానీ తగలకుండా, ఏ లోటూ లేకుండా ఉండడం. మన భాషలో ‘శాంతి’, ‘స్వస్తి’ అనే రెండు మాటలను కలిపితే దాని నిండు అర్థం వస్తుంది. అల్లాహ్‌కు చెప్పే నామాలలో ‘అస్సలామ్’ ఒకటి. ఖురాన్ 59వ అధ్యాయం 23వ వాక్యంలో ఆ నామం ఉంది. కాబట్టి ఆ మాట పలికేవాడు తన శాంతిని ఇస్తున్నానని అనడం లేదు. భగవంతుని శాంతిని ఎదుటివారికోసం కోరుతున్నాడు. పలకరింపు రూపంలో ఉన్న ప్రార్థన అది. నమాజు ముగిసేటప్పుడు కుడివైపూ ఎడమవైపూ ముఖం తిప్పి చెప్పేదీ సలామే. ఆరాధన నుంచి లోకంలోకి తిరిగి వస్తూ పలికే మొదటి మాట శాంతి. మనం వేదపారాయణ చివర శాంతి శబ్దాన్ని ముమ్మారు పలికి లేస్తాం కదా!

ముందు పలికేవాడే మిన్న

ఈ పలకరింపుకు వారి సంప్రదాయంలో మర్యాదలున్నాయి. వాహనం మీద వెళ్ళేవాడు నడిచేవాడికి ముందుగా సలాం చెప్పాలి. నడిచేవాడు కూర్చున్నవాడికి, కొద్దిమంది ఎక్కువమందికి, చిన్నవారు పెద్దవారికి చెప్పాలి. పరిచయం ఉన్నవారికే కాక లేనివారికీ చెప్పడం మంచిదన్నారు. ఇతరుల ఇంట ప్రవేశించే ముందు అనుమతి అడిగి, ఇంటివారికి సలాం చెప్పాలని ఖురాన్ 24వ అధ్యాయం విధిస్తుంది.

వీటిలో నన్ను ఆకట్టుకున్నది మొదటిది. గుర్రం మీద ఉన్నవాడు దారిన నడిచేవాడి పలకరింపు కోసం ఎదురుచూడకూడదు. కారులో కూర్చుని, నడిచి వచ్చేవాడు ముందు దణ్ణం పెట్టాలని చూసే మన కాలానికి ఆ మాట తగులుతుంది. ముందుగా సలాం చెప్పినవాడే దైవానికి దగ్గరివాడని కూడా వారి పెద్దలు చెబుతారు. మన వాల్మీకి మహర్షి అయోధ్యకాండ ప్రథమ సర్గలో శ్రీరామచంద్రుని గుణాలు చెబుతూ ఆయనను ‘పూర్వభాషి’ అన్నాడు. ఎదుటివాడు పలకరించేదాకా ఆగకుండా తానే ముందు మాట్లాడేవాడని దాని అర్థం. చక్రవర్తి కుమారునికి అది లోటు కాలేదు, గుణమైంది.

భేదం కూడా చెప్పుకోవాలి. మన అభివాదంలో చిన్నవాడు ప్రవర, గోత్రం, పేరు చెప్పుకుని పాదాలకు మ్రొక్కుతాడు. పెద్దవాడు ఆశీర్వదిస్తాడు. ఇద్దరి మాటలూ వేరు. సలాంలో చెప్పేవాడి మాటే తిరగబడి బదులవుతుంది. ‘వ అలైకుముస్సలామ్’ అంటే ‘మీపైనా శాంతి కలుగుగాక’. తండ్రి అయినా కొడుకయినా, యజమాని అయినా పనివాడయినా అదే మాట.

బందరు దారిలో

ఈ మాట మా ప్రాంతానికి నిన్నమొన్న వచ్చింది కాదు. ఉయ్యూరు మీదుగా విజయవాడ నుంచి సాగే రహదారి చివర ఉన్న మచిలీపట్నం గోల్కొండ సుల్తానుల ప్రధాన రేవు. పారశీక, అరబ్బు వర్తకుల ఓడలు అక్కడ లంగరు వేసేవి. అదే దారిలో పామర్రు నుంచి చీలితే కూచిపూడి వస్తుంది. 1672 నుంచి 1687 వరకు గోల్కొండను ఏలిన తానీషా బందరు యాత్రలో అక్కడి బ్రాహ్మణుల భాగవత ప్రదర్శన చూసి, ఆ గ్రామాన్ని వారికి అగ్రహారంగా ఇచ్చాడని కూచిపూడివారు తరతరాలుగా చెప్పుకుంటారు. బందరులో న్యాయాధికారిగా ఉండిన బ్రౌను దొర, తెలుగులో కలిసిపోయిన అన్యదేశ్యాల కోసమే ఒక ‘మిశ్రభాషా నిఘంటువు’ కూర్చి 1854లో అచ్చువేయించాడు. ‘సలాం’ కూడా అలా తెలుగుమాట అయిపోయింది. ‘ఆయనకు నా సలాములు చెప్పు’ అని మా తాతల తరం వారు అనడం నేను విన్నాను.

ఇచ్చిపుచ్చుకోవడం ఒకవైపే జరగలేదు. ఉగాదినాడు దేవుని కడపలో వేంకటేశ్వరస్వామిని ముస్లిం కుటుంబాలు దర్శించుకుంటాయి. బీబీ నాంచారమ్మ తమ ఆడపడుచని, స్వామి తమ అల్లుడని వారి నమ్మకం. పిఠాపురంలో పీఠాధిపతిగా వెలసిన ఉమర్ ఆలీషా తెలుగు కవిగా లోకమాన్యుడయ్యారు. ఇందరు నడిచిన నేల మీద నేను ఒక్క మాటకు బదులు చెప్పలేకపోయాను.

బదులు పలకడం విధి

నా తప్పు ఎంతటిదో మన శాస్త్రమే నాకు చెప్పింది. మనుస్మృతి ద్వితీయాధ్యాయంలో అభివాద ప్రకరణం ఉంది. నమస్కరించినవాణ్ణి ఆయుష్మంతుడవు కమ్మని దీవించి, అతని పేరులోని చివరి అచ్చును ప్లుతంగా సాగదీసి పలకాలి. అలా ప్రత్యభివాదం చేయడం తెలియనివాడు నమస్కారానికే అర్హుడు కాడని అక్కడే ఉంది. పతంజలి మహాభాష్యం మొదటి ఆహ్నికంలో వ్యాకరణం ఎందుకు చదవాలో చెబుతూ, ఆ ప్లుతం పలకడం తెలియకపోవడం వల్ల వచ్చే లాఘవాన్ని కూడా ఒక కారణంగా చూపాడు. ఆ గ్రంథాలు శిష్యులకు పాఠం చెప్పినవాణ్ణి నేను.

ఖురాన్ నాలుగవ అధ్యాయం 86వ వాక్యం కూడా ఈ సంగతే చెబుతుంది. ఎవరైనా మీకు అభివాదం చేస్తే అంతకంటె మేలైన మాటతో బదులివ్వండి, కనీసం అంతే మాటను తిరిగి ఇవ్వండి అని దాని భావం. సలాం చెప్పడం సత్సంప్రదాయమనీ, దానికి బదులివ్వడం తప్పనిసరి విధి అనీ వారి ధర్మశాస్త్రవేత్తలు నిర్ణయించారు. అందుకే ‘మీపై శాంతి’ అన్నవారికి ‘మీపైనా శాంతి, అల్లాహ్ కరుణ, ఆయన శుభాలు’ అని పెంచి చెప్పే అలవాటు వచ్చింది. రెండు ధర్మాలూ ఈ విషయంలో ఏకకంఠంగా ఉన్నాయి. అభివాదం అందుకున్నవాడు ఋణపడతాడు. బదులు పలికితేనే ఆ ఋణం తీరుతుంది.

మరొక సంగతి తెలిసినప్పుడు నా మనస్సు మరింత కుంగింది. ముస్లిమేతరులకు ఇదే మాటతో అభివాదం చేయవచ్చునా అనే విషయంలో వారి పండితులలో భిన్నాభిప్రాయాలున్నాయి. అందుకే హైదరాబాదు వంటి చోట్ల అందరికీ చెల్లేలా ‘ఆదాబ్’ అంటారు. మన పల్లెలలో ‘నమస్కారం’ అంటారు. అంటే ఆ తెల్లవారుజామున ఆ విద్వాంసుని నోట వచ్చినది తమవారితో అనే మాట. ఆ ఒక్క క్షణం ఆయన నన్ను తనవాళ్ళలో ఒకడిగా ఎంచారు. నేను ముఖం తిప్పుకున్నాను.

శుక్ల యజుర్వేదం 36వ అధ్యాయంలోని శాంతిమంత్రం ఆకాశానికి, అంతరిక్షానికి, భూమికి, జలాలకు, ఓషధులకు, వృక్షాలకు శాంతిని కోరుతుంది. మా తైత్తిరీయ శాఖవారి ఆరణ్యకంలోనూ ఆ భావమే ఉంది. చెట్టుకూ నీటికీ శాంతి కోరే నోటికి, ఎదుట నిలిచిన మనిషికి శాంతి కోరడం బరువు కావలసిన పని లేదు.

తీర్చుకున్న ఋణం

ఇవన్నీ తెలిసిన తరువాత కూడా ఆయనతో ఆ మాట ఎత్తలేకపోయాను. వచ్చే ఉత్సవాలకు చెబుదాములే అని వాయిదా వేస్తూ వచ్చాను. ఒక ఏడాది ఆయనకు బదులు ఆయన కొడుకు ఫోను వచ్చింది. తండ్రి కాలం చేశారని చెప్పి ఏడ్చాడు. మూడవనాడు బస్సెక్కి వారి ఊరు వెళ్ళాను. నేను అడిగితే ఆ అబ్బాయి నన్ను ఖబరస్తాన్‌కు తీసుకువెళ్ళాడు. లోపల అడుగుపెడుతూ అతడు అక్కడ నిద్రించేవారందరికీ సలాం చెప్పాడు. గతించినవారినీ శాంతి పలుకుతో పలకరించి, మేమూ మీ వెనుక వచ్చేవారమే అని తలచుకోవడం వారి ఆచారమట.

కొత్త మట్టి దగ్గర నిలబడి, నేను చేతులు జోడించి ‘వ అలైకుముస్సలామ్’ అన్నాను.

ఆ అబ్బాయి నొచ్చుకోకుండా నెమ్మదిగా సవరించాడు. ‘‘అయ్యగారూ, ఇక్కడ ‘అస్సలాము అలైకుమ్’ అనాలండీ. మీరన్నది ఎవరైనా ముందు చెబితే ఇచ్చే బదులు.’’

‘‘బదులే నాయనా. మీ నాన్నగారు ముందే చెప్పారు’’ అన్నాను.

ఇంటికి వచ్చి స్నానం చేసి, సాయంకాలార్చనకు వెళ్ళాను. ఏ నియమానికీ లోటు రాలేదు.

పాఠకులకు నేను విన్నవించేది ఒక్కటే. మీ మాట మార్చుకోమని కాదు. నమస్కారం మన సొత్తు, దానిని విడువనక్కరలేదు. కాని పొరుగువారు, అంగడివారు, ఆటో నడిపేవారు ఎవరైనా మీకు సలాం చెబితే ముఖం తిప్పుకుని వెళ్ళకండి. ‘మీకూ శాంతి కలగాలి’ అనండి, ‘స్వస్తి’ అనండి, చేతులు జోడించి నమస్కారమైనా చెప్పండి. పిల్లలకూ అదే నేర్పండి. మనకోసం ఒకరు శాంతి కోరినప్పుడు, ఆ మాట మన దగ్గరే ఆగిపోకూడదు. బ్రతికి ఉండగానే, వారు వింటుండగానే, తిరిగి ఇచ్చివేయాలి.