చచ్చిన కోడి లోపల ఏముంటుంది?



పెరట్లో కోడి ముడుచుకొని కూర్చుంటే "ఇది రేపటికి ఉండదు, ఈ పూటే కోసేద్దాం" అనుకునే అలవాటు మన పల్లెల్లో చాలాకాలంగా ఉంది. కష్టపడి పెంచిన కోడి వృథా అయిపోతుందనే బాధ అందులో ఉంది. అయితే ఆ జబ్బు బర్డ్ ఫ్లూ అయితే ఇంటిల్లిపాదికీ ప్రమాదమే. ఎందుకో తెలియాలంటే, చచ్చిన కోడి అవయవాలలో పశువైద్యులు ఏమి చూస్తారో తెలుసుకోవాలి.

ఈ వైరస్ కోడి కణాలలోకి చొరబడాలంటే, దాని పైపొరలో ఉండే ఒక ప్రోటీన్ రెండుగా తెగాలి. తీవ్రత తక్కువగా ఉన్న రకాలలో ఆ ప్రోటీన్‌ను తెంచే ఎంజైములు ముఖ్యంగా ఊపిరి గొట్టాలలో, పేగులలో ఉంటాయి. అందువల్ల జబ్బు చాలావరకు అక్కడే ఆగుతుంది. హెచ్5ఎన్1 వంటి తీవ్రమైన రకాలను తెంచే ఎంజైము దాదాపు అన్ని అవయవాలలోనూ ఉంది. కనుక అది గుండెకు, మెదడుకు, క్లోమానికి, చివరికి మనం తినే కండకు కూడా పాకుతుంది. రక్తనాళాల లోపలి పొర దెబ్బతిని, ఎక్కడికక్కడ రక్తం చిమ్ముతుంది.

ప్రయోగశాలలో మొదట కంటితో పరీక్షిస్తారు. తలమీది జుట్టు, గొంతు కింద వేలాడే తోలు వాచి నీలంగా మారుతాయి. కాళ్ల మీద ఎర్రని మచ్చలు, గుండె చుట్టూ ఉన్న కొవ్వు మీద రక్తపు చుక్కలు కనిపించవచ్చు. ఊపిరితిత్తులు నీరుపట్టి బరువెక్కుతాయి.

తరువాత అవయవాల ముక్కలను ఫార్మలిన్‌లో ఉంచి, మైనంలో పోసి, మిల్లీమీటరులో సుమారు 200వ వంతు మందాన పొరలు కోస్తారు. రంగు వేసి సూక్ష్మదర్శినిలో చూస్తారు. కణాలు ఎంత చచ్చిపోయాయో, వాపు ఎంత ఉందో చూసి మార్కులు వేసే పద్ధతి కూడా ఉంది. నష్టం లేకపోతే 0, కొద్దిగా ఉంటే 1, మధ్యస్థమైతే 2, తీవ్రమైతే 3. వైరస్ ఏయే కణాలలో ఉందో చూపించే ప్రత్యేకమైన రంగు పరీక్ష మరొకటి.

ఇంత చూసినా, ఈ గుర్తులతోనే జబ్బును నిర్ధారించరు. కొక్కెర తెగులులోనూ ఇలాంటి మచ్చలే కనిపిస్తాయి. గొంతు నుండి, మలద్వారం నుండి తీసిన నమూనాలకు ఆర్‌టి-పీసీఆర్ పరీక్ష చేస్తారు. మన దేశంలో భోపాల్‌లోని జాతీయ ప్రయోగశాల దీనిని నిర్ధారిస్తుంది. ఇంకొక సంగతి గమనించండి. కొన్ని కోళ్లు ఏ గుర్తూ కనిపించకముందే హఠాత్తుగా చచ్చిపోతాయి. కాబట్టి ఇంట్లో కోసి చూసి "లోపలంతా బాగానే ఉంది" అనుకోవడానికి వీలులేదు. కోసేటప్పుడే వైరస్ చేతులకు, కత్తికి, గాలికి చేరుతుంది.

మన దేశంలో కోళ్లలో ఈ వ్యాధి మొదట 2006 ఫిబ్రవరిలో మహారాష్ట్రలోని నవాపూర్‌లో బయటపడింది. 2025 ఫిబ్రవరిలో గోదావరి జిల్లాల కోళ్ల ఫారాలలో కనిపించింది. మనుషులకు సోకడం అరుదే. అయినా 2025 మార్చిలో మన ఆంధ్రప్రదేశ్‌లోనే ఒక చిన్నారి హెచ్5ఎన్1 సోకి కన్నుమూసింది. పచ్చి కోడిమాంసం ముక్క తిన్నట్లు కుటుంబసభ్యులు చెప్పారు.

కనుక ఈ జాగ్రత్తలు పాటించండి:

• జబ్బుపడిన కోడిని, చచ్చిన కోడిని కోయవద్దు, వండవద్దు, అమ్మవద్దు, కాలువలో పడవేయవద్దు. వట్టి చేతులతో తాకవద్దు. పిల్లలను దగ్గరకు రానివ్వవద్దు.
• కోళ్లు వరుసగా చస్తుంటే వెంటనే పశువైద్యశాలకు తెలియజేయండి.
• ఆరోగ్యమైన కోడి మాంసమైనా లోపలి వరకు 70 డిగ్రీలు దాటేలా, ఎరుపు లేకుండా ఉడికించండి. పచ్చిమాంసం పిల్లల నోటికి అందనివ్వవద్దు. చేతులు, కత్తిపీట సబ్బుతో కడగండి.
• కోళ్లను తాకిన తరువాత పది రోజులలోపు జ్వరం, దగ్గు, ఆయాసం వస్తే ఆసుపత్రికి రండి. కోళ్ల సంగతి డాక్టరుగారికి తప్పక చెప్పండి. మందు త్వరగా మొదలుపెడితే మేలు ఎక్కువ.

దానంతట అది చచ్చినదానిని తినకూడదని ద్వితీయోపదేశకాండము 14వ అధ్యాయంలో ఇశ్రాయేలీయులకు ఆజ్ఞ ఉన్న సంగతి మనకు తెలుసు. ఒక కోడి పోతే మరొకటి పెంచుకోవచ్చు. ఇంట్లో బిడ్డ ఆరోగ్యం అంతకంటె విలువైనది. ప్రభువు మీ కుటుంబాలను కాపాడును గాక.