బారెడు కత్తికి జానెడు డాలు

పల్నాటి వీరుల కథకు బొమ్మ వెయ్యమంటే ఇవాళ్టి కుర్ర చిత్రకారుడు ఏం వేస్తాడో ఊహించడం కష్టం కాదు. ఛాతీ నిండా తళతళలాడే ఇనుప రేకు, తలకాయ కంటే పెద్ద భుజకవచాలు, ఎడమ చేతికి పళ్లెమంత డాలు. వీడియో గేముల్లో ఐరోపా నైట్‌లను చూసి చూసి అలవాటైన ముస్తాబు అది. చూసినవాళ్లలో ఎవరో ఒకరు "ఆ బుల్లి డాలు దేన్ని ఆపుతుందిరా?" అని నవ్వుతారు. నన్నడిగితే ఆ బొమ్మలో నమ్మదగ్గది ఆ డాలొక్కటే.

లెక్క వేసి చూద్దాం. ఎదుటివాడి దెబ్బ వాడి గుప్పిట దగ్గర మొదలవుతుంది. ఆ గుప్పిట మన ఛాతీకి 120 సెంటీమీటర్ల దూరంలో ఉందనుకుందాం. 30 సెంటీమీటర్ల గుండ్రటి డాలును ఒంటికి ఆనించి పట్టుకుంటే అది కాచేది 30 సెంటీమీటర్లే. అదే డాలును చెయ్యి చాచి సగం దూరంలో, అంటే 60 సెంటీమీటర్ల ముందుకు పెడితే, దాని చాటున 60 సెంటీమీటర్ల ఒళ్లు దాక్కుంటుంది. దీపానికి అరచెయ్యి దగ్గరగా పెట్టినకొద్దీ గోడ మీద నీడ పెరిగినట్టే ఇదీను. వెడల్పు రెట్టింపయితే వైశాల్యం నాలుగింతలు. 700 చదరపు సెంటీమీటర్ల లోహం 2,800 చదరపు సెంటీమీటర్ల మనిషిని కాస్తుందన్నమాట.

మరి మొదటే 60 సెంటీమీటర్ల డాలు చేయించుకోవచ్చు కదా? బరువు ఒప్పుకోదు. ఒకటిన్నర మిల్లీమీటర్ల మందం ఉక్కు రేకుతో చేస్తే చిన్నది సుమారు 830 గ్రాములు తూగుతుంది, పెద్దది మూడు కిలోలు దాటుతుంది. మూడు కిలోల బరువును చాచిన చేతి చివర ఎంతసేపు నిలపగలరో ఇంట్లోనే ప్రయత్నించి చూడండి. చెయ్యి దిగిపోతే డాలు ఒంటికి చేరుతుంది, పైన వేసిన లెక్కంతా తలకిందులవుతుంది. అందుకే పెద్ద డాలు వీరుడు దాని వెనక నక్కి ఉంటాడు, చిన్న డాలు వీరుడు దాన్ని ముందుకు తోస్తాడు.

1300 ప్రాంతంలో జర్మనీలో రాసిన ఒక కత్తిసాము గ్రంథం ఇప్పుడు ఇంగ్లండులోని లీడ్స్ ఆయుధశాలలో ఉంది. ఒక మతగురువు శిష్యుడికి కత్తీ చిన్న డాలూ తిప్పడం నేర్పే బొమ్మలు అందులో ఉన్నాయి. వాటిలో డాలు తరచుగా కత్తి పట్టిన చేతి పక్కనే కనిపిస్తుంది. ముందు పోయేది వేళ్లేనని ఆ గురువుకు తెలుసు. దెబ్బకు అన్నిటికంటే దగ్గరగా ఉండేది కత్తి పట్టిన చెయ్యే మరి.

మన దేశపు గుండ్రటి డాలు నిర్మాణం ఇంకా ముచ్చటైనది. గేదె తోలు నానబెట్టి, అచ్చు మీద సాగదీసి, ఆరబెట్టి, పైన లక్క పూత పూసేవారు. లేదంటే ఉక్కు రేకును ఉబ్బెత్తుగా కొట్టేవారు. ఆ ఉబ్బు అందానికి కాదు. వంపు తిరిగిన రేకు చదును రేకు కంటే గట్టిగా నిలుస్తుంది, తగిలిన దెబ్బను పక్కకు జారుస్తుంది. డాలు ముందు కనిపించే నాలుగు బుడిపెలు నగిషీ అనుకుంటాం. వాటి వెనక ఉండేవి రింగులు, ఆ రింగులకే పట్టీలు. రెండు పట్టీలనూ కలిపి గుప్పిట పట్టాలి. వేలి కణుపులు అదిరిపోకుండా మధ్యలో చిన్న మెత్త. చూస్తే నాలుగు మేకుల పని, లోపల మాత్రం బోలెడు అనుభవం.

చిన్న డాలుకు మహా బలహీనత బాణం. బాణం ఎక్కడో దూరాన్నుంచి వస్తుంది కాబట్టి చెయ్యి ఎంత చాచినా 'నీడ' పెరగదు. 30 సెంటీమీటర్ల డాలు కాచేది 30 సెంటీమీటర్లే. దూరపు దెబ్బకు పెద్ద డాలే కావాలి. శ్రీకృష్ణదేవరాయలు 1515లో మన కొండవీడు కోటను గజపతుల నుంచి గెలుచుకున్నాడు. ఐదేళ్ల తర్వాత రాయచూరు మీదికి నడిచిన ఆయన సైన్యం గురించి పోర్చుగీసు వర్తకుడు నూనిజ్ రాశాడు. కాలిబంట్ల డాళ్లు ఒళ్లంతా కప్పేసేంత పెద్దవట, వాటి చాటున ఇక కవచమే అక్కర్లేదట. బాణాలు ఎదుర్కొంటూ వరసకట్టి కదిలే దళానికి అదే సరి. ఇద్దరు ఎదురెదురుగా నిలిచి తేల్చుకునే చోట అంత డాలు కాళ్లకు అడ్డం.

ఆ నూనిజే ఇంకో మాట చెప్పాడు. గుర్రపు దళం వాళ్ల ఒంటి మీదా తల మీదా ఉన్నది దూది పెట్టి కుట్టిన తొడుగు. బొమ్మలు వేసేవాళ్లు పట్టించుకోవలసింది ఇక్కడే. పల్నాడులో గురజాల పక్కనే ఉన్న రెంటచింతల ఎండ సంగతి రాష్ట్రమంతా తెలుసు. వేసవిలో 45 డిగ్రీలు దాటడం అక్కడ వింత కాదు. ఆ ఎండలో ఇనుప రేకు తొడుక్కున్నవాడిని చంపడానికి శత్రువు అక్కర్లేదు. పొరలు పొరలుగా కుట్టిన దూది బట్టా చల్లనిదేమీ కాదు, చెమట పట్టిస్తుంది. కానీ తేలిక, చెయ్యి తిరగనిస్తుంది, కత్తి కోతను పొరల్లో చిక్కించుకుంటుంది. నల్లరేగడి నేలలో పత్తి పండే పల్నాడుకు ఇంతకంటే సహజమైన కవచం ఏముంది? ఆ భారీ భుజకవచాల సంగతి చెప్పనే అక్కర్లేదు. అవి తగిలించుకున్నవాడు చెయ్యెత్తి వేటు వెయ్యలేడు.

పల్నాటి వీరుల కారంపూడి పోరులో బాలచంద్రుడి చేతిలో ఏ డాలు ఉందో ఏ కావ్యాన్ని పట్టుకునీ తేల్చలేం. యుద్ధం 12వ శతాబ్దం చివరిది. శ్రీనాథుడిదిగా చెప్పే 'పల్నాటి వీరచరిత్ర' అంతకు రెండు వందల ఏళ్లకు పైగా తర్వాతది. కవి తన కాలపు ఆయుధాలనే చూసి ఉంటాడు. తెలుగు నేల మీది వీరగల్లుల్లో కత్తి, గుండ్రటి చిన్న డాలు పట్టిన వీరుడు మాత్రం తరచూ కనిపిస్తాడు. అక్కడా ఒక అనుమానం ఉంచుకోవాలి. పెద్ద డాలు చెక్కితే వీరుడి ఒళ్లు కనపడదు. ఆ ఇబ్బంది శిల్పికీ ఉంది, చందమామ పత్రిక చిత్రకారులకూ ఉండేది, సినిమా కెమెరాకూ ఉంది. జానపద సినిమాల్లో కత్తి కాంతారావు మొహం డాలు వెనక దాగితే టిక్కెట్టు ఎవరు కొనేవారు?

డాలు ఆయుష్షు తీర్చింది తుపాకీ. రాయచూరు ముట్టడిలో రాయల పక్షాన నిలిచిన పోర్చుగీసు తుపాకులు కోటగోడ మీది కాపలావాళ్లను ఒక్కొక్కరినే రాల్చాయి. గుండును ఆపేంత మందం పెడితే డాలు మోయలేం, మోయగలిగేంత పలచన చేస్తే గుండు ఆగదు. చివరికి దానికి పూజా, ఊరేగింపూ, సామూ మిగిలాయి. కార్తీక అమావాస్య నుంచి ఐదు రోజులు కారంపూడిలో కొణతాలని పిలిచే వీరుల ఆయుధాలను కొలుస్తారు.

డాలు పూర్తిగా చావలేదు కూడా. ఎన్నికల వేళ మాచర్ల, నరసరావుపేట వీధుల్లో పోలీసుల చేతుల్లో కనిపించేది డాలే. అది పొడుగ్గా, వెడల్పుగా ఉండటం యాదృచ్ఛికం కాదు. రాయి కూడా బాణంలాగే దూరాన్నుంచి వస్తుంది.

కాబట్టి బొమ్మలు వేసే తమ్ముళ్లకూ చెల్లెళ్లకూ ఒకటే విన్నపం. చిన్న డాలు వెయ్యండి, తప్పు లేదు. కానీ ఛాతీకి అంటించి వెయ్యకండి, చెయ్యి చాచి వెయ్యండి. ఆకాశం నిండా బాణాలు వేస్తే మాత్రం ఆ పక్క బంట్లకు పెద్ద డాళ్లివ్వండి. మీ పల్నాటి వీరుడికి ఇనుప చొక్కా విప్పేసి, దూది కుట్టు తొడుగు తొడగండి.