విస్కీ అనగా ఏది?

1905లో లండను నగరంలోని ఇస్లింగ్టన్ పురపాలక సంఘంవారు కొందరు మద్యం వర్తకులను న్యాయస్థానానికి ఈడ్చారు. కొనవచ్చినవాడు విస్కీ అడిగితే, విస్కీ కానిదానిని విస్కీ అని చెప్పి అమ్మినారన్నది అభియోగం. మెజిస్ట్రేటు వర్తకులదే తప్పన్నాడు. అప్పీలులో న్యాయమూర్తులు ఏకాభిప్రాయానికి రాలేకపోయారు. చివరకు 1908లో బ్రిటిషు ప్రభుత్వం ఒక రాయల్ కమిషన్‌ను నియమించి, విస్కీ అనగా ఏదో తేల్చమన్నది. శతాబ్దాలుగా కాస్తూ, అమ్ముతూ, త్రాగుతూ వచ్చిన వస్తువు ఏమిటో చెప్పడానికి ఒక కమిషన్ కావలసివచ్చినదంటే శ్రోతలకు నవ్వు రావచ్చు. కాని ఆ ప్రశ్న ఇప్పటికీ, అందులోనూ మన దేశంలో, ముగిసిపోలేదు. ఇది త్రాగమని చెప్పే ప్రసంగం కాదని వేరే చెప్పనక్కరలేదు. వద్దని చెప్పే ప్రసంగాలు శ్రోతలు చాలా విన్నారు. సీసామీద ఒక మాట ఉన్నప్పుడు, ఆ మాటకు ఏ వస్తువు కట్టుబడి ఉన్నదో తెలుసుకోవడమే ఇక్కడ మా ఉద్దేశం.

స్కాట్లండు, ఐర్లండులలోని గేలిక్ భాషలో ఈ పానీయానికి ‘జీవజలం’ అనే అర్థం వచ్చే పేరున్నది. ఆ పేరే పలుకుబడిలో నలిగి విస్కీ అయినది. 1494నాటి స్కాట్లండు రాజకోశపు లెక్కలలో, జాన్ కోర్ అనే సన్న్యాసికి జీవజలం చేయడానికి ఎనిమిది బోలుల మాల్టు ఇప్పించినట్లు వ్రాసి ఉన్నది. బోలు అన్నది ఆనాటి ధాన్యపు కొలత.

మాల్టు అంటే మొలకెత్తించి ఆరబెట్టిన ధాన్యం. బార్లీగింజలను నీటిలో నానవేసి, తీసి పరచి, కొద్దిరోజులు మొలకెత్తనిస్తారు. మొక్కకు ఆహారం కావాలి గనుక గింజలో ఎంజైములు పుట్టి, నిలవ ఉన్న పిండిపదార్థాన్ని చక్కెరగా మార్చడానికి సిద్ధమవుతవి. రాగులు మొలకెత్తించి, ఎండబెట్టి, విసరి పిల్లలకు జావ కాచే ఇళ్ళలో ఈ మార్పు ఎరిగినదే. ఆ పిండికి మామూలు రాగిపిండికి లేని తీపి ఉంటుంది. మొలక ముదిరితే చక్కెర దానికే ఖర్చయిపోతుంది. అందుచేత సరియైన అదనులో క్రింద వేడిపెట్టి ఆరబెడతారు. స్కాట్లండులో కొన్నిచోట్ల, ముఖ్యంగా ఐలా ద్వీపంలో, ఈ వేడికి పీట్ అనేదానిని వాడుతారు. చిత్తడినేలలలో నాచు, గడ్డి వేలయేండ్లుగా కుళ్ళి పేరుకున్న మట్టి అది. ఇటుకలవలె కోసి, ఎండబెట్టి కాలుస్తారు. దాని పొగ గింజకు పట్టి, చివర సీసాదాకా నిలుస్తుంది. ఐలా విస్కీ వాసన కొందరికి ఆసుపత్రిని జ్ఞాపకం చేస్తుంది. పొగలోని ఫీనాలు మనం కార్బాలిక్ ఆసిడ్ అనే దాని జాతివే గనుక ఆ పోలిక వట్టి హాస్యం కాదు.

మాల్టును మరపట్టి వేడినీటిలో కలిపితే ఎంజైములు పనిచేసి తియ్యని ద్రవం దిగుతుంది. దానిలో ఈస్టు వేసి రెండుమూడు రోజులు పులియబెడతారు. నూటికి ఏడెనిమిది పాళ్ళ ఆల్కహాలు గల ఈ ద్రవం దాదాపు బీరే. హాప్ పూలు పడలేదు, అంతే. ఆల్కహాలు 78 సెంటిగ్రేడు డిగ్రీల దగ్గరనే మరుగుతుంది గనుక, కాస్తే నీటికంటే ముందుగా ఆవిరి అవుతుంది. ఆ ఆవిరిని చల్లార్చి పట్టుకోవడమే బట్టీ. ఇప్పపూవు సారా కాచే మన ఏజెన్సీ గ్రామాలలోనూ సూత్రం ఇదే. స్కాట్లండులో కుండకు బదులు పెద్ద పెద్ద రాగి పాత్రలు వాడి, సాధారణంగా రెండుసార్లు కాస్తారు. రాగి అలంకారానికి కాదు. ద్రవంలోని దుర్వాసన గల గంధక పదార్థాలను అది పీల్చుకుంటుంది. రెండవసారి వచ్చే ధారలో తొలిభాగం, కడభాగం వేరుచేసి మళ్ళీ కాపులో కలుపుతారు. నడిమిధార మాత్రమే పీపాలకు పోతుంది. ఆ ధారను ఎక్కడ పట్టాలో, ఎక్కడ ఆపాలో నిర్ణయించడంలోనే పనివాని నేర్పంతా ఉన్నది.

అప్పటికది నీటివలె రంగులేనిది. రంగు, పరిమళం, మెత్తదనం ఓక్ చెక్క పీపాలో వస్తవి. స్కాట్లండు చట్టం ప్రకారం 700 లీటర్లకు మించని ఓక్ పీపాలో, స్కాట్లండులోనే, కనీసం మూడేండ్లు ఉంటేగాని అది స్కాచి కాదు.

ఇక ఇస్లింగ్టన్ తగవు. 1830లో ఐనియస్ కాఫీ అనే ఐర్లండువాడు ఒక క్రొత్త బట్టీకి పేటెంటు పొందినాడు. ఆయన అంతకుముందు ఎక్సైజు శాఖలో అధికారి. దొంగసారా పట్టుకున్నవాడే బట్టీల తీరు మార్చడం చిత్రమే! రాగి పాత్రలో ఒక్కొక్క కాపుగా కాచి దించాలి. కాఫీ కట్టిన ఎత్తయిన స్తంభాల యంత్రంలో ఒకవంక ద్రవం పోస్తూ ఉంటే మరొకవంక గాఢమైన స్పిరిటు ఎడతెగకుండా వస్తూనే ఉంటుంది. మాల్టు కొద్దిగా వేసి మిగిలినది మొక్కజొన్నవంటి చవుక ధాన్యం వాడవచ్చు. వాసన తక్కువ, ఖర్చూ తక్కువ. ఐర్లండు పెద్ద వర్తకులు దానిని ఈసడించారు. స్కాట్లండువారు మాత్రం దానిని మాల్టు విస్కీతో కలిపి తేలికైన మిశ్రమం చేసి లోకమంతా అమ్మినారు. ఇస్లింగ్టన్‌వారు విస్కీ కాదన్నది ఈ యంత్రపు సరకునే.

1909లో కమిషన్ తీర్పు చెప్పినది: పాత్ర ఏదైనా ఫరవాలేదు, ధాన్యాన్ని మాల్టులోని ఎంజైములతో చక్కెరగా మార్చి, పులియబెట్టి బట్టీపట్టినదంతా విస్కీయే. యంత్రం గెలిచినది. అయితే ధాన్యమన్న హద్దు మాత్రం నిలిచినది. తీర్పులో విలువైన భాగం ఇదేనని మా అభిప్రాయం.

ఐర్లండువారు మాల్టుతోపాటు మొలకెత్తని పచ్చి బార్లీని కూడా కలిపి రాగి పాత్రలలో కాచేవారు. మాల్టుమీద పన్ను తప్పించుకోవడానికి పట్టిన దారి అది; పన్ను పోయినా రుచి మిగిలినది. ముమ్మారు కాయడం అక్కడ ఎక్కువ. కెనడాలో విస్కీని రై అని పిలవడం వాడుకే గాని, అందులో పెద్దపాలు తరచు మొక్కజొన్నదే. అమెరికా బర్బన్‌కు నూటికి 51 పాళ్ళయినా మొక్కజొన్న ఉండాలి. లోపల కాల్చిన సరిక్రొత్త ఓక్ పీపాలోనే నిలవచేయాలి. కాలిన చెక్కనుంచి వెనిలా వాసన, పాకంవంటి తీపి దిగుతవి. ఒకసారి వాడిన పీపా మళ్ళీ బర్బన్‌కు పనికిరాదు గనుక ఓడలెక్కి స్కాట్లండుకు పోతుంది. ఈనాటి స్కాచిలో చాలాభాగం అమెరికావారు వాడి వదలిన పీపాలలోనే పెరుగుతున్నది.

జపాను కథ వేరు. 1918లో తకెత్సురు మసతక అనే యువకుడు స్కాట్లండు వెళ్ళి, బట్టీలలో పనిచేసి, చూసినదంతా పుస్తకాలలో వ్రాసుకొని 1920లో తిరిగివచ్చినాడు. 1923లో తొరీ షింజిరో క్యోటో దగ్గర యమజాకిలో కట్టించిన కర్మాగారానికి ఆ వ్రాతలే ఆధారమైనవి. తకెత్సురు తరువాత విడిపోయి, 1934లో ఉత్తరాన హొక్కయిదో ద్వీపంలో యొయిచి దగ్గర సొంత సంస్థ స్థాపించినాడు. స్కాట్లండులో సంస్థలు మిశ్రమాలకోసం ఒకరి సరకు ఒకరు పుచ్చుకుంటవి. జపానులో ఆ ఆచారం పెరగలేదు. అందువల్ల ఒక్క కర్మాగారంలోనే రకరకాల పాత్రలు, పీపాలు పెట్టి రకరకాల సరకు తీస్తారు. అయినా పరదేశపు విస్కీని తెచ్చి జపాను పేరుతో అమ్మే అలవాటు అక్కడా ప్రబలినది. 2021లో అక్కడి తయారీదారుల సంఘమే నియమాలు పెట్టుకోవలసివచ్చినది.

విస్కీ అన్న పేరుతో ప్రపంచంలోకెల్ల ఎక్కువ సరకు ఖర్చయ్యేది మన దేశంలోనే. అందులో అధికభాగానికి మూలం చాలాకాలంగా బార్లీ కాదు, చక్కెరమిల్లులలో మిగిలే మడ్డి, అనగా మొలాసిస్. మడ్డినుంచి దాదాపు రుచిలేని శుద్ధస్పిరిటు తీసి, కొద్దిగా మాల్టు విస్కీనో స్కాచినో కలిపి, రంగు సరిచూసి సీసాలకెత్తుతారు. ఇటీవల నూకలు, మొక్కజొన్నల స్పిరిటు వాడకం పెరిగినా, అదీ పీపాలో ఏండ్లు గడపినది కాదు. ఐరోపా సమాఖ్యలో ఇటువంటిదానిని విస్కీ అని అమ్మనివ్వరు. మడ్డి సరకంతా చెడ్డదని మేము అనడం లేదు. రమ్ము పుట్టేది మడ్డినుంచే. కాని రమ్ముకు రమ్మని పేరున్నది. డబ్బిచ్చేవాడు ఏది కొంటున్నాడో అతనికి తెలియాలి.

నిజమైన మాల్టు విస్కీ మన దేశంలోనూ తయారవుతున్నది. బెంగళూరులో 1948లో మొదలైన అమృత్ సంస్థ ఉత్తరదేశపు బార్లీతో చేసిన మాల్టు విస్కీని 2004లో స్కాట్లండులోని గ్లాస్గో నగరంలోనే మొట్టమొదట అమ్మకానికి పెట్టినది. అక్కడ వారికి ఎదురైనది స్కాట్లండువారికి లేని చిక్కు. పీపా చెక్కలోనుంచి విస్కీ కొంచెం కొంచెంగా ఆవిరైపోతుంది. దీనిని దేవతల వాటా అంటారు. చలిదేశమైన స్కాట్లండులో ఆ వాటా ఏటికి నూటికి రెండు పాళ్ళు; బెంగళూరులో పదికి పైమాటే. రెండువందల లీటర్ల పీపా నింపినామనుకుందాం. పన్నెండేండ్లకు స్కాట్లండులో నూటయాభైఏడు లీటర్లు మిగులుతుంది. ఏటికి పది పాళ్ళే పోయినదనుకున్నా బెంగళూరులో మిగిలేది యాభైఆరు. అయితే వేడిలో విస్కీ చెక్కలోకి ఊరడం, తిరిగి రావడం చురుకుగా సాగుతుంది. నాలుగైదేండ్లకే రంగూ రుచీ పక్వానికి వస్తవి, ఆపైన ఉంచితే చెక్కరుచే మిగిలిన రుచులను మింగివేస్తుంది. అందుచేత చలిదేశపు ఏండ్లకూ వేడిదేశపు ఏండ్లకూ మారకం లేదు. సీసామీద పన్నెండు, పద్ధెనిమిది అనే అంకెలు చూసి కొనే అలవాటు స్కాట్లండు వాతావరణంలో పుట్టినది. బెంగళూరు సీసాలలో చాలావాటిమీద వయస్సు అంకె వేయనే వేయరు.