జిమ్‌ఖానా మైదానంలో జెండా: నేతాజీ, అండమాన్

సుభాష్ చంద్రబోస్ 1897 జనవరి 23న ఒడిశాలోని కటక్‌లో పుట్టారు. తండ్రి జానకీనాథ్ పేరున్న వకీలు. కొడుకు ఐసీఎస్ అధికారి కావాలని ఆయన కోరిక. 1920లో ఆ పరీక్షలో నాలుగో ర్యాంకు తెచ్చుకున్న బోస్, మరుసటేడే కొలువు వదులుకుని చిత్తరంజన్ దాస్ వెంట నడిచారు. ఆ తర్వాత జైలుకు వెళ్లడం, రావడం మామూలైపోయింది. మాండలే జైల్లోనే రెండేళ్లకు పైగా ఉన్నారు. 1930లో కలకత్తా మేయరయ్యారు.

1938లో హరిపుర కాంగ్రెస్‌కు అధ్యక్షత వహించారు. మరుసటేడు మళ్లీ పోటీకి దిగితే ఎదుట నిలిచింది మచిలీపట్నం డాక్టరు భోగరాజు పట్టాభి సీతారామయ్య. బోస్‌కు 1,580 ఓట్లు, పట్టాభికి 1,377 ఓట్లు వచ్చాయి. పట్టాభి ఓటమి తన ఓటమేనని గాంధీజీ ప్రకటించాక గెలిచినాయన చేతిలో పదవి ఉంది గానీ పట్టు లేదు. ఏప్రిల్ నెలాఖరుకు రాజీనామా చేసి, ఫార్వర్డ్ బ్లాక్ స్థాపించారు. పేరుకు పదవి, చేతికి అధికారం లేని ఇదే పరిస్థితి నాలుగేళ్ల తర్వాత అండమాన్‌లో మరింత ఘోరంగా ఎదురైంది.

1941 జనవరిలో ఒక రాత్రి, కలకత్తా ఎల్గిన్ రోడ్డు ఇంట్లో గృహనిర్బంధంలో ఉన్న బోస్, ఇన్సూరెన్సు ఉద్యోగి జియావుద్దీన్ వేషంలో బయటపడ్డారు. అన్న కొడుకు శిశిర్ కారులో గోమో స్టేషన్‌కు చేర్చి రైలెక్కించాడు. కాబూల్, మాస్కోల మీదుగా బెర్లిన్ చేరారు. 1943 ఫిబ్రవరిలో జర్మన్ జలాంతర్గామి ఎక్కి, మడగాస్కర్ దాపుల నడిసముద్రంలో రబ్బరు తెప్ప మీద జపాన్ జలాంతర్గామిలోకి మారారు. ఆ ప్రయాణంలో ఆయన వెంట ఉన్న ఏకైక భారతీయుడు హైదరాబాదుకు చెందిన ఆబిద్ హసన్. ‘జై హింద్’ నినాదం ఆయన చలవేనంటారు.

1943 అక్టోబరు 21న సింగపూర్‌లో ఆజాద్ హింద్ ప్రభుత్వం ఏర్పడింది. మంత్రులున్నారు, సైన్యం ఉంది. ఏలుబడికి జానెడు నేల లేదు. 1942 మార్చి నుంచి జపాన్ ఆక్రమణలో ఉన్న అండమాన్ నికోబార్‌ను ఈ ప్రభుత్వానికి అప్పగిస్తామని నవంబరులో టోక్యోలో ప్రధాని టోజో ప్రకటించాడు. ఎందరో స్వాతంత్ర్య యోధులు మగ్గిన చోటు కాబట్టి ఆ దీవుల విముక్తిని బోస్ ఫ్రాన్సులోని బాస్టీల్ కోట పతనంతో పోల్చారు.

డిసెంబరు 29న ఆయన విమానం పోర్ట్ బ్లెయిర్‌లో దిగింది. మర్నాడు జిమ్‌ఖానా మైదానంలో మూడు రంగుల జెండా ఎగరేశారు. అండమాన్‌కు షహీద్ అని, నికోబార్‌కు స్వరాజ్ అని పేర్లు పెట్టారు. సెల్యులార్ జైలును కూడా చూశారు. అయితే జపాన్ అధికారులు చూపించినంత మేరకే చూశారు. ఇండియన్ ఇండిపెండెన్స్ లీగ్ స్థానిక అధ్యక్షుడు, పంజాబీ కవి, డాక్టర్ దీవాన్ సింగ్ అప్పటికి అదే జైల్లో గూఢచారి అన్న నేరారోపణతో చిత్రహింసలు పడుతున్నాడు. తన ఉద్యమానికే చెందిన ఆ మనిషిని కలవకుండానే నేతాజీ తిరిగి వెళ్లిపోయారు. 1944 జనవరి 14న దీవాన్ సింగ్ చనిపోయాడు. జనవరి 30న, జెండా ఎగిరి సరిగ్గా నెల తిరిగేసరికి, హంఫ్రీగంజ్‌లో 44 మందిని జపాన్ సైనికులు కాల్చి చంపారు. వారిలో ఎక్కువమంది లీగ్ సభ్యులే. నేతాజీకి ఇందులో ఏ మేరకు తెలుసునన్నది చరిత్రకారుల మధ్య నేటికీ తెగని తగువు.

ఆయన చీఫ్ కమిషనర్‌గా పంపిన లెఫ్టినెంట్ కల్నల్ లోగనాథన్ ఫిబ్రవరిలో వచ్చాడు. యుద్ధం సాగుతోందన్న సాకుతో పోలీసు శాఖను జపాన్ నౌకాదళం వదల్లేదు. చివరికి ఆయన చేతికి వచ్చింది విద్యాశాఖ. ఆరోగ్యం చెడి, కొన్ని నెలలకే ఆయన తిరిగి వెళ్లిపోయాడు.

ఆ ఏడే ఇంఫాల్, కోహిమా పోరులో ఆజాద్ హింద్ ఫౌజ్ వెనుదిరిగింది. 1945 ఆగస్టు 18న తైహోకు విమాన ప్రమాదంలో నేతాజీ మరణించారు. ఆ మాట నమ్మనివారు నేటికీ ఉన్నారు. దీవులు ఆ అక్టోబరులో తిరిగి బ్రిటిష్‌వారి చేతికి వెళ్లాయి.

జిమ్‌ఖానా మైదానం ఇప్పుడు నేతాజీ స్టేడియం. 2018 డిసెంబరు 30న, జెండా ఎగిరిన 75 ఏళ్లకు, రాస్ దీవికి నేతాజీ పేరు పెట్టారు. ఆయన రెండు దీవుల సముదాయాలకు పెట్టిన షహీద్, స్వరాజ్ పేర్లను అదే రోజు రెండు చిన్న దీవులకు ఇచ్చారు. నీల్ షహీద్ ద్వీప్ అయింది. పర్యాటకులు బీచ్‌ల కోసం వెళ్లే హేవ్‌లాక్ స్వరాజ్ ద్వీప్ అయింది.