అమ్మాయి బంతి పట్టుకుంటే...

వంటింటి పని ముగించుకుని ఓ పూట తీరిక చేసుకోగలిగితే 'కౌసల్య కృష్ణమూర్తి' సినిమా చూడండి. ఒక్కరే చూడకండి. ఇంట్లో ఎదిగే ఆడపిల్ల ఉంటే పక్కన కూర్చోబెట్టుకోండి. కుదిరితే వాళ్ళ నాన్నగారిని కూడా!

2019 ఆగస్టులో వచ్చిన ఈ చిత్రానికి దర్శకుడు భీమనేని శ్రీనివాసరావు. అంతకు ముందు యేడు తమిళంలో వచ్చిన 'కణా' దీనికి మాతృక. రెండింటిలోనూ నాయిక ఐశ్వర్యా రాజేష్. ఆమె మనకు పరాయిదేం కాదు. ఒకప్పటి నటుడు రాజేష్ కూతురు, తెరపై మనల్ని నవ్వించిన శ్రీలక్ష్మికి మేనకోడలు.

ఇక కథ. రైతు కృష్ణమూర్తి (రాజేంద్రప్రసాద్)కి క్రికెట్ అంటే ప్రాణం. మన జట్టు ఓడిపోతే కంటతడి పెట్టుకుంటాడు. అది చూసిన పసిపిల్ల, నాన్న ముఖంలో నవ్వు కోసం తానే దేశం తరఫున ఆడాలనుకుంటుంది. ఊళ్ళో ఆడపిల్లల జట్టు ఎక్కడిది? మగపిల్లలతోనే ఆడుతుంది. చూసినవాళ్ళు ఊరుకుంటారా? నలుగురి మాటలకు తల్లి (ఝాన్సీ) హడలిపోతుంది. మరోపక్క నాన్న సేద్యం అప్పుల పాలవుతుంది. వానచుక్క కోసం ఆకాశంకేసి చూసే మన సీమ ఇళ్ళలో ఈ సన్నివేశాలకు కళ్ళు చెమర్చనివాళ్ళు ఉండరు.

"సినిమా కాబట్టి గెలిచింది. నిజంగా ఎక్కడవుతుందమ్మా!" అంటారా? అయితే ఇది వినండి.

మన కడప పిల్ల

ఆ సినిమా విడుదలైన నాటికి కడప జిల్లా వీరపునాయునిపల్లె మండలం ఎర్రమల్లెకు చెందిన ఒక అమ్మాయికి పదిహేనేళ్ళు. పేరు శ్రీచరణి. తండ్రి థర్మల్ విద్యుత్ కేంద్రంలో ఉద్యోగి. బడిలో ఆమెది పరుగుల లోకం. క్రికెట్‌ను గట్టిగా పట్టుకున్నది పదహారేళ్ళు వచ్చాకే. అంత ఆలస్యంగా మొదలుపెడితే ఎవరైనా ఏమంటారు? "ఇప్పుడేం ఆటలే, చదువు చూసుకో" అనరూ!

ఇక్కడో తమాషా ఉంది. సినిమాలో తండ్రి వెన్ను తడితే తల్లి భయపడింది. శ్రీచరణి ఇంట్లో తల్లి సంతోషంగా సరేనంటే, తండ్రి ఒప్పుకోవడానికి యేడాది పట్టింది. ఆ యేడాదిలో ఇంట్లో ఆడపిల్ల తరఫున నిలబడే గొంతు ఒక్కటైనా లేకపోతే ఏమయ్యేదో ఆలోచించండి.

2024 డిసెంబరులో మహిళల ప్రీమియర్ లీగ్ వేలంలో ఢిల్లీ జట్టు ఆమెను 55 లక్షలకు తీసుకుంది. 2025 ఏప్రిల్‌లో భారత జట్టులోకి వచ్చింది. జూన్‌లో ఇంగ్లండుపై తన మొదటి టి20లోనే 12 పరుగులిచ్చి 4 వికెట్లు పడగొట్టింది. ఆ యేడే ప్రపంచకప్‌లో ఎడమచేతి స్పిన్‌తో 14 వికెట్లు తీసింది. నవంబరు 2న నవీ ముంబయిలో దక్షిణాఫ్రికాను 52 పరుగుల తేడాతో ఓడించి మనవాళ్ళు కప్పు గెలిచారు. మన సీనియర్ మహిళల క్రికెట్ జట్టుకు అదే మొదటి ప్రపంచకప్. ఆపైన రాష్ట్ర ప్రభుత్వం ఆమెకు రెండున్నర కోట్లు, కడపలో ఇంటిస్థలం, గ్రూప్-1 ఉద్యోగం ప్రకటించింది.

పడ్డవాళ్ళే లేచారు

ఆ కప్పు నల్లేరు మీద నడకేం కాదు. మధ్యలో వరుసగా మూడు మ్యాచ్‌లు ఓడారు. జెమీమా రోడ్రిగ్స్‌ను ఒక మ్యాచ్‌కు పక్కన పెట్టారు. ఆ అమ్మాయే సెమీఫైనల్లో ఆస్ట్రేలియాపై 127 పరుగులు చేసి, ఔట్ కాకుండా గెలిపించింది. షెఫాలీ వర్మకైతే మొదట జట్టులో చోటే లేదు. ప్రతీకా రావల్ గాయపడితే ఆఖర్లో పిలుపొచ్చింది. ఫైనల్లో 87 పరుగులు, రెండు వికెట్లు, ఉత్తమ క్రీడాకారిణి బహుమతి! "నీ పనైపోయింది" అన్న మాటను ఎంత త్వరగా అనకూడదో వీళ్ళను చూసి నేర్చుకోవాలి.

క్రికెట్టే కానక్కరలేదు. వినికిడి లోపమున్న కర్నూలు అమ్మాయి షేక్ జాఫ్రిన్, 2022లో బ్రెజిల్‌లో జరిగిన బధిరుల ఒలింపిక్స్‌లో టెన్నిస్ మిక్స్‌డ్ డబుల్స్ కాంస్యం తెచ్చింది.

మీ చేతిలో ఉన్నది

అందరి పిల్లలూ ప్రపంచకప్పులు తేలేరు. నిజమే. కానీ మన ఇళ్ళలో ఎంతమంది ఆడపిల్లల ఆట పెద్దమనిషి కావడంతోనే ఆగిపోతోంది? ఓడిపోయి కాదు, మనమే ఆపేస్తే! అలా ఆపేసిన పాప మీ ఇంట్లో ఉంటే మళ్ళీ మొదలుపెట్టనివ్వండి. బడిలో వ్యాయామ ఉపాధ్యాయుల్ని కలిసి ఒక మాట అడగండి. నెలసరి రోజుల్లో ఆడాలో మానాలో తననే తేల్చుకోనివ్వండి. పొద్దున ఉగ్గాని చేస్తే పైన పప్పులపొడి కాస్త ఎక్కువే చల్లండి. సాయంత్రం గుప్పెడు ఉడకబెట్టిన శెనక్కాయలో, బెల్లంతో రాగి ముద్దో పెట్టండి. సాయంత్రం అంట్ల పని అన్న కూడా పంచుకుంటే చెల్లెలికి గంటసేపు ఆట దొరుకుతుంది.

ఇరుగుపొరుగు ఏమంటారో అని వెనకాడకండి. ఎర్రమల్లె పేరు ఈరోజు ఎంతమందికి తెలిసిందో చూడండి. తెరమీద రెండో అవకాశం ఇచ్చేది కోచ్. ఇంట్లో అది ఇవ్వగలిగింది మీరే.