ఐకాన్ ఫైలు మూట విప్పితే

కంప్యూటర్ తెర మీద ఒక్కటిగా కనిపించే ఐకాన్ ఫైలు లోపల ఒక మూటలా ఉంటుంది. విండోస్ వాడే ఐసీఓ ఫైలులో ఒకే గుర్తు 16, 32, 48, 256 పిక్సెళ్ల కొలతల్లో విడివిడిగా ఉండవచ్చు. ఒక్కో కొలతకు 16 రంగులతో ఒక ప్రతి, 256 రంగులతో ఇంకో ప్రతి ఉండటమూ మామూలే. తెర మీద ఎంత చోటుందో చూసుకుని విండోస్ సరిపడేదాన్ని ఏరుకుంటుంది. చిన్న ప్రతి అంటే పెద్దదాన్ని కుదించిందేనని అనుకుంటే పొరపాటు. 16 పిక్సెళ్ల చదరంలో మొత్తం పట్టేవి 256 చుక్కలే. అందుకని మంచి ఐకాన్లలో చిన్న ప్రతిని, అక్కర్లేని గీతలు తీసేసి, మళ్లీ మొదటినుంచి గీస్తారు.

ఇలాంటి గుర్తుల మీద ఆధారపడే చోట్లలో ఫ్యాక్టరీలు ఒకటి. హైదరాబాద్ దగ్గరి పటాన్‌చెరు, పాశమైలారం, బొల్లారం పారిశ్రామిక వాడల్లో మందులు, రసాయనాలు తయారుచేసే ఫ్యాక్టరీలు చాలా ఉన్నాయి. ఇలాంటి పరిశ్రమల కంట్రోల్ రూములో కూర్చున్న ఆపరేటర్‌కు పంపయినా, వాల్వయినా, రియాక్టరయినా కనిపించేది తెర మీది గుర్తుగానే. నడుస్తున్న పంపుకు ఒక రంగు, ఆగినదానికి ఇంకో రంగు. ఏది ఏ రంగో ప్లాంటును బట్టి మారుతుంది. సాఫ్ట్‌వేర్ మారిపోయినా పాత మాన్యువళ్లు, స్క్రీన్ ప్రింట్లు బీరువాలో మిగులుతాయి. ఆనాటి గుర్తులు ఆనాటి రంగులతో దొరికితేనే వాటిని నమ్మకంగా చదవగలరు. వందల సంఖ్యలో ఉండే ఈ బుల్లి ఫైళ్లను భద్రపరచాలన్న ఆలోచన మాత్రం పాత కంప్యూటర్‌ను తుక్కుకు వేసే రోజు దాకా ఎవరికీ రాదు.

ఐసీఓ ఒక్కరోజులో పుట్టిన రూపం కాదు. తొలి విండోస్ 1985లో వచ్చినప్పుడు ఐకాన్లు నలుపు తెలుపులే. 1990 నాటి విండోస్ 3.0లో 16 రంగులు కనిపించాయి. 2001లో విండోస్ ఎక్స్‌పీ ప్రతి చుక్కకూ 256 మెట్ల పారదర్శకత ఇచ్చింది. దాంతో అంచులు మెత్తబడ్డాయి, నీడలు వచ్చాయి. తర్వాత విస్టా 256 పిక్సెళ్ల బొమ్మను తెచ్చింది. చుక్కకు 4 బైట్ల లెక్కన అలాంటి బొమ్మ ఒక్కటే 2,62,144 బైట్లు తింటుంది. అందుకే దాన్ని పీఎన్‌జీగా కుదించి ఐసీఓలోనే పెట్టే పద్ధతి మొదలైంది. అంటే ఒకే మూటలో మూడు తరాల బట్టలు ఉండవచ్చు.

భద్రపరచడానికి ఐకాన్లను పీఎన్‌జీ లాంటి వేరే రూపంలోకి మార్చేటప్పుడు చిక్కంతా పాత తరం బొమ్మలతోనే. వాటిలో రంగుల బొమ్మ ఒకటి, ముసుగు ఒకటి జంటగా ఉంటాయి. ముసుగులో చుక్కకు ఒక్క బిట్టే. అది 0 అయితే బొమ్మ రంగు కనిపిస్తుంది. 1 అయి బొమ్మలో నలుపు ఉంటే వెనకున్న తెర కనిపిస్తుంది. 1 అయి బొమ్మలో తెలుపు ఉంటే మూడో వింత జరుగుతుంది: వెనకున్న రంగు తిరగబడుతుంది, తెల్ల నేల మీద నలుపుగా, నల్ల నేల మీద తెలుపుగా. ఈ మూడోదానికి పీఎన్‌జీలో చోటు లేదు. మార్చేవారు ఆ చుక్కలకు ఏదో ఒక రంగు ఖాయం చేసి, ఆ సంగతి రాసిపెట్టాలి. ఇంకో తమాషా, జంట బొమ్మల కారణంగా 32 పిక్సెళ్ల ఐకాన్ లోపలి హెడర్‌లో ఎత్తు 64 అని ఉంటుంది. ఈ గుట్టు తెలియని ప్రోగ్రాం ఆ లెక్కను అలాగే నమ్మి బొమ్మను పాడుచేస్తుంది.

ఇక ఏ రూపంలోకి మార్చాలన్నది. జేపీజీ ఇందుకు పనికిరాదు. అది బొమ్మను 8 పిక్సెళ్ల చదరాలుగా కోసి, కంటికి ఆననిదాన్ని వదిలేస్తుంది. పదునైన అంచులున్న బుల్లి గుర్తు చుట్టూ మురికి చేరుతుంది. పారదర్శకత అసలే నిలవదు. 1996లో వచ్చిన పీఎన్‌జీ ఒక్క చుక్కనూ పోగొట్టకుండా కుదిస్తుంది, పారదర్శకతను యథాతథంగా ఉంచుతుంది. 2004లో అది ఐఎస్ఓ ప్రమాణం కూడా అయింది. ఫైలులోని ప్రతి ముక్కకూ సొంత తనిఖీ సంఖ్య ఉండటం వల్ల చెడితే తెలిసిపోతుంది. యూనికోడ్ వ్యాఖ్యలకు చోటుంది కాబట్టి ‘ఇది రెండో రియాక్టర్ ఆవిరి వాల్వు’ అని తెలుగులోనే రాసి బొమ్మలో దాచవచ్చు. అన్ని కొలతలూ ఒకే ఫైలులో ఉండాలనుకునేవారికి పేజీలు పట్టే టిఫ్ ఉంది, కానీ మామూలు బ్రౌజర్లలో చాలావాటికి దాన్ని చూపించడం రాదు. ఒక గుర్తుకు ఒక ఫోల్డర్, అందులో కొలతకొక పీఎన్‌జీ అన్నదే తేలికైన ఏర్పాటు.

పని మొదలుపెట్టే ముందు అసలు ఐసీఓకు నకలు తీసి పక్కన పెట్టాలి. పీఎన్‌జీ వచ్చిందని దాన్ని చెరిపేయకూడదు. గింప్‌లో ఐసీఓ తెరిస్తే ప్రతి కొలతా ఒక పొరగా కనిపిస్తుంది. ఫైళ్లు ఎక్కువైతే ఇమేజ్‌మ్యాజిక్, ఐకోయుటిల్స్ లాంటి ఉచిత సాధనాలు ఒక్క ఆదేశంతో మూటలన్నీ విప్పుతాయి. ఐకాన్ విడిగా లేక ప్రోగ్రాం ఫైలు కడుపులో ఉంటే ముందు దాన్ని బయటికి తీయాలి. ఐకోయుటిల్స్‌లో ఆ పనిముట్టూ ఉంది. 32 పిక్సెళ్ల బొమ్మను ‘నాణ్యత’ పేరుతో 512కు సాగదీయడం భద్రపరచడం కాదు, కొత్త బొమ్మ చేయడం. ఐసీఓకు తోబుట్టువైన కర్సర్ ఫైలులో మొన ఏ చుక్క దగ్గరుందో కూడా నమోదై ఉంటుంది. పీఎన్‌జీలోకి వచ్చేసరికి అది జారిపోతుంది కాబట్టి ఆ రెండు అంకెలనూ వ్యాఖ్యలో రాసుకోవాలి.

ఆఖరున ప్రతి పీఎన్‌జీనీ తెల్ల నేల మీద ఒకసారి, ముదురు నేల మీద ఒకసారి పెట్టి చూడాలి. అసలు బొమ్మలో లేని తెల్లటి చార గుర్తు చుట్టూ మెరిస్తే ముసుగు సరిగ్గా రాలేదన్నమాట. ఆ మూట మళ్లీ విప్పాల్సిందే.