మధ్వాచార్యుల కాలం తేల్చిన శ్రీకూర్మం స్తంభం

ఉడిపి మధ్వాచార్యులు ఏ కాలంవారో తేల్చిన రాయి శ్రీకాకుళం జిల్లాలో ఉంది. గార మండలం శ్రీకూర్మం గుడిలో, నల్లరాతి స్తంభాల వరసలో అదొకటి. కూర్మనాథుణ్ణి దర్శించుకుని బయటికొచ్చినవాళ్లు తాబేళ్ల దొడ్డి ఎటని అడుగుతారు. ఆ స్తంభం ఎక్కడని అడిగేవాళ్లు అరుదు.

దాని మీది శాసనం లిపి తెలుగు, భాష సంస్కృతం. శక సంవత్సరం 1203, అంటే 1281. గుడిలో యోగానంద నరసింహుణ్ణి ప్రతిష్ఠించిన సందర్భంలో నరహరి తీర్థులు వేయించిన శాసనమిది. ముందుగా గురుపరంపర చెప్పుకున్నారు: పురుషోత్తమ తీర్థులు, వారి శిష్యులు ఆనంద తీర్థులు, వారి శిష్యుడు తాను. ఆనంద తీర్థులంటే మధ్వాచార్యులే.

ఆ వరసే పాత లెక్కను తలకిందులు చేసింది. మఠాల పట్టీల్లో మధ్వాచార్యుల చివరి సంవత్సరం శక 1119, అంటే 1197. నరహరి తీర్థుల పేరేమో శ్రీకూర్మం, సింహాచలం శాసనాల్లో 1260ల నుంచి 1290ల దాకా కనిపిస్తుంది. గురువు పోయిన తొంభై ఏళ్లకు కూడా ఆయన దగ్గర సన్యాసం పుచ్చుకున్న శిష్యుడు గుళ్లు కట్టిస్తూ ఉండటం కుదరని పని. చరిత్రకారులు రాతి మాటే నమ్మారు. మధ్వాచార్యులు 1238 నుంచి 1317 వరకు జీవించారని ఇప్పుడు ఎక్కువమంది ఒప్పుకుంటున్నారు.

అసలు ఆసక్తికరమైన సంగతి ఆ తర్వాత వస్తుంది. నరహరి తీర్థులనే ఈ సన్యాసి కళింగాన్ని ధర్మంగా పాలించాడనీ, శబరులు మీద పడితే కత్తి పట్టి శ్రీకూర్మాన్ని కాపాడాడనీ శాసనం చెబుతుంది. కాషాయం కట్టిన చేతిలో కత్తి! శబరులన్న మాట చదవగానే ఉత్తరాంధ్ర పాఠకుడికి సీతంపేట కొండల్లోని సవరలు గుర్తొస్తారు. శ్రీకాకుళం జిల్లాలోనే, వంశధార ఒడ్డున ముఖలింగం స్థలపురాణం చెప్పే కథ వేరు. ఇప్పపూల దగ్గర ఒక సవర దొర భార్యలిద్దరూ గొడవపడితే ఆయన కోపంతో చెట్టు నరికాడట. ఆ మొదట్లోనే శివుడు మధుకేశ్వరుడై వెలిశాడు. ఒక గుడి రాతిలో కొండవాళ్లు దాడికి వచ్చినవాళ్లు, ఇంకో గుడి కథలో దేవుడు మొదట కనిపించింది వాళ్లకే. శ్రీకూర్మం స్తంభం గెలిచినవాళ్ల మాట. ముఖలింగం కథ కూడా తెలుసుకున్నాకే దాన్ని చదవాలి.

ఇక చరిత్ర క్లుప్తంగా. అప్పట్లో కళింగాన్ని ఏలిన తూర్పు గాంగుల రాజధాని కళింగనగరం ఈ ముఖలింగమేనని ఎక్కువమంది పండితుల మాట. 1078లో పట్టం కట్టుకున్న అనంతవర్మ చోడగంగుడు రాజ్యాన్ని ఒడిశా వైపు పెంచాడు. ఆ వంశపు మొదటి నరసింహుడు కోణార్క కట్టించాడు. స్తంభం చెక్కే నాటికి గద్దె మీద ఉన్నది మాత్రం ఆయన మనవడు రెండో నరసింహుడు.

మిగతా స్తంభాల మీదున్నవి ఎక్కువగా దానాల లెక్కలు. అఖండ దీపం ఆరకుండా ఉండటానికి ఫలానావారు ఇన్ని గండమాడలు (అప్పటి నాణేలు) ఇచ్చారని ఉంటుంది.  అలా దీపం పెట్టించినవాళ్ల పేర్లు రాతి మీద మిగిలాయి. గుడి వయసు వేల ఏళ్లని ఘనంగా చెప్పుకోవడం కన్నా, తేదీ వేసిన ఈ రాళ్లను చూపించడమే శ్రీకూర్మానికి ఎక్కువ గౌరవం. దయచేసి వాటికి పసుపూ నూనే పులమకండి. ఆ జిడ్డుకు అక్షరం పూడుకుపోతుంది.

వెళ్లేవారికి

శ్రీకాకుళం నుంచి శ్రీకూర్మం పదిహేను కిలోమీటర్ల లోపే. మూలవిరాట్టు పడమటి ముఖంగా ఉంటుంది, ధ్వజస్తంభాలు రెండు. ప్రదక్షిణ మండపం గోడల మీద పాత వర్ణచిత్రాలున్నాయి. ఫాల్గుణ పౌర్ణమికి డోలోత్సవం. గుడి ఆవరణలో పెంచేవి నక్షత్ర తాబేళ్లు, వన్యప్రాణి చట్టం రక్షణలో ఉన్నవి. శాసనాల పాఠాలు దక్షిణ భారత శాసనాల అయిదో సంపుటంలో అచ్చయ్యాయి.